మల్టీబ్యాండ్ అంటే అన్నీ పట్టేదని కాదు: ఒక హ్యామ్ చెప్పే అపోహలు, వాస్తవాలు

పదిహేడేళ్లుగా హ్యామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి దూరాలవాళ్లతో మాట్లాడే రేడియో, నడుపుతున్నాను. డాబా మీద తీగ కట్టుకోవాలనుకునే కొత్తవాళ్లకు వెళ్లి సాయం చేస్తుంటాను. వాళ్లు మొదట అడిగేది దాదాపు ఒకటే: "అన్నా, మంచి మల్టీబ్యాండ్ యాంటెన్నా ఒకటి చెప్పండి, ఒక్కటి కడితే అన్నీ పట్టాలి." ఆ "అన్నీ" దగ్గరే చిక్కంతా ఉంది.

బ్యాండ్ అంటే పట్టీ. పొలాన్ని గట్లు వేసి మళ్లుగా విడదీసినట్టు రేడియో పౌనఃపున్యాలను పట్టీలుగా విడదీశారు. ఏ మడి స్వభావం దానిదే.

అపోహ: బ్యాండ్లు ఎక్కువుంటే స్టేషన్లు ఎక్కువ వస్తాయి.

ఈ నమ్మకం మన ఇళ్లలోని పాత రేడియోల నుంచి వచ్చింది. టూ బ్యాండ్ కంటే త్రీ బ్యాండ్ గొప్ప. మీడియం వేవ్, షార్ట్ వేవ్ 1, షార్ట్ వేవ్ 2. నిజానికి ఆ బ్యాండ్ స్విచ్ తిప్పితే లోపల కాయిల్స్ మారేవి, అంతే. సెట్టు ఒక్కసారికి ఒక్క పట్టీనే వినేది. విజయవాడ 837 కిలోహెర్ట్జ్ పట్టుకున్నది లోపలున్న ఫెర్రైట్ కడ్డీ. అందుకే రేడియోను పక్కకు తిప్పితే మాట సన్నబడేది. రేడియో సిలోన్ తెలుగు పాటలకు బయటి కడ్డీ లాగాల్సి వచ్చేది.

ఎన్ని స్టేషన్లు వినిపిస్తాయన్నది బ్యాండ్ల సంఖ్య కంటే వేళ మీద ఎక్కువ ఆధారపడుతుంది. పగలు ఎండకు పైన అయనోస్ఫియర్‌లో (ఆకాశంలో చాలా ఎత్తున ఉండే విద్యుదావేశ పొరల్లో) డి పొర ఏర్పడి మీడియం వేవ్‌ను మింగేస్తుంది. పొద్దు గుంకాక అది కరిగిపోతుంది, తరంగాలు ఇంకా పైపొరల దాకా వెళ్లి తిరిగి దూరాన దిగుతాయి. మిట్టమధ్యాహ్నం త్రీ బ్యాండ్ సెట్టు మీడియం వేవ్‌లో ఇవ్వలేని దూరపు స్టేషన్‌ను రాత్రి సింగిల్ బ్యాండ్ సెట్టు ఇస్తుంది.

మాకు మల్టీబ్యాండ్ కావాల్సింది కూడా ఇందుకే. మా బ్యాండ్లకు తరంగం పొడవే పేరు. దూరాలకు 40 మీటర్ల బ్యాండు (సుమారు 7 మెగాహెర్ట్జ్) చీకటి పడ్డాక బాగుంటుంది, 20 మీటర్లది (సుమారు 14) పగలు. 10 మీటర్లది సూర్యుడి మీద మచ్చలు పెరిగిన ఏళ్లలో, అంటే సుమారు 11 ఏళ్లకోసారి, తక్కువ పవర్‌తోనే ఖండాలు దాటిస్తుంది. పొద్దు మారితే బ్యాండు మారాలి. అన్నిట్లో ఒకేసారి మాట్లాడటానికి కాదు.

అపోహ: ఒక్క తీగ కట్టి ట్యూనర్ పెడితే అన్ని బ్యాండ్లలోనూ ఒకేలా పనిచేస్తుంది.

ఇక్కడ కాస్త లెక్క చూడాలి. మధ్యలో కేబుల్ కలిపే మామూలు తీగ యాంటెన్నాను డైపోల్ అంటాం, దాని పొడవు అర తరంగం. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లలో వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కి సుమారు 20 మీటర్లు. ఇదే తీగ 21 మెగాహెర్ట్జ్ దగ్గర కూడా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే మూడు అర తరంగాలు అందులో ఇమిడిపోతాయి. మరి 14 మెగాహెర్ట్జ్ దగ్గర? రెండు అర తరంగాలు. మధ్యలో కేబుల్ కలిపిన చోట నిరోధం వేల ఓములకు పోతుంది, మన కోయాక్స్ కేబులేమో 50 ఓములది. పొత్తు కుదరదు.

సెట్టుకూ కేబుల్‌కూ మధ్య పొత్తు కుదిర్చే పెట్టె ట్యూనర్. అది పెడితే సెట్టు శాంతిస్తుంది, నిజమే. కానీ సెట్టు పక్కన పెట్టిన ట్యూనర్ యాంటెన్నాను మార్చదు, కేబుల్‌లో జరిగే నష్టాన్ని ఆపదు. మన పవర్‌లో మంచి వాటా కేబుల్‌ను వేడిచేయడానికే పోతుంది. అందుకే 20 మీటర్ల బ్యాండు కావాలంటే అదే ఫీడ్ పాయింట్‌కు (కేబుల్ కలిపిన చోటుకు) ఇంకో జత తీగలు కట్టుకోమంటాను. పది మీటర్ల తీగకు అయ్యే ఖర్చెంత?

జీ5ఆర్‌వీ అనే తీగ యాంటెన్నా గురించి కూడా ఇలాంటి మాటే తిరుగుతుంటుంది, ట్యూనర్ లేకుండా అన్ని బ్యాండ్లకీ సరిపోతుందని. లూయీ వార్నీ అనే హ్యామ్ 1946లో దాన్ని రూపొందించింది ముఖ్యంగా 20 మీటర్ల బ్యాండు కోసం. 102 అడుగుల తీగలో మూడు అర తరంగాలు. మిగతా బ్యాండ్ల మీద పనిచేయించవచ్చు గానీ ట్యూనర్ కావాలి.

అపోహ: ఎస్‌డబ్ల్యూఆర్ 1.1 చూపిస్తే యాంటెన్నా బ్రహ్మాండం.

అన్నిటికన్నా ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఇదే. ఎస్‌డబ్ల్యూఆర్ (స్టాండింగ్ వేవ్ రేషియో) చెప్పేది సెట్టు పంపిన శక్తిలో ఎంత వెనక్కి తిరిగొచ్చిందన్నది మాత్రమే; అంకె 1కి దగ్గరైతే తిరిగొచ్చింది తక్కువని. ముందుకు పోయినదంతా గాల్లోకి వెళ్లిందో, వేడిగా మారిందో అది చెప్పదు. డమ్మీ లోడ్ అనే 50 ఓముల రెసిస్టర్‌కు ఎస్‌డబ్ల్యూఆర్ 1:1 వస్తుంది. దాంతో పక్క ఊరితో కూడా మాట్లాడలేం.

ఒక వానాకాలంలో నా యాంటెన్నా అన్ని బ్యాండ్లలోనూ చక్కటి అంకెలు చూపించడం మొదలుపెట్టింది. అంతకు ముందు 2.5 ఉన్నచోట కూడా 1.2. సంతోషించాను. పిలిస్తే మాత్రం ఒక్కరూ పలకలేదు. మూడు వారాల టెన్షన్ తర్వాత కేబుల్ కోసి చూస్తే లోపలి రాగి అల్లిక నల్లబడి ఉంది, పై కనెక్టర్ గుండా నీళ్లు దిగాయి. తడిసిన కేబుల్ వెళ్లే శక్తినీ మింగుతుంది, తిరిగొచ్చేదాన్నీ మింగుతుంది. మీటరుకు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మీ మల్టీబ్యాండ్ యాంటెన్నా ఉన్నట్టుండి అన్నిచోట్లా మంచి ఎస్‌డబ్ల్యూఆర్ చూపిస్తే ముందు కనెక్టర్ విప్పి చూడండి.

అపోహ: మల్టీబ్యాండ్ 5జీ ఫోన్ ఎక్కడైనా పనిచేస్తుంది.

ఎన్ని బ్యాండ్లున్నాయని కాదు, ఏవి ఉన్నాయో చూడాలి. మన దగ్గర ముఖ్యమైన 5జీ పట్టీ 3.5 గిగాహెర్ట్జ్ దగ్గరి ఎన్78, జియోకు 700 మెగాహెర్ట్జ్‌లో ఎన్28 కూడా ఉంది. అమెరికా నుంచి బంధువులతో ఫోన్ తెప్పించుకునేవాళ్లు ఆ మోడల్ బ్యాండ్ల జాబితా ఒకసారి చదవాలి.

అపోహ: మల్టీబ్యాండ్ జీపీఎస్‌కు సిగ్నల్ ఎక్కువ, అందుకే కచ్చితత్వం.

భూముల రీసర్వేలో సర్వేయర్ల చేతిలో మీరు చూసే రోవర్ (ఉపగ్రహాలతో చోటు కొలిచే పరికరం) వెనకున్న కిటుకు వేరు. మమ్మల్ని దూరాలకు చేర్చే ఆ అయనోస్ఫియరే ఉపగ్రహ సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది. పౌనఃపున్యం తక్కువైతే ఆలస్యం ఎక్కువ. ఎల్1 అంటే 1575.42, ఎల్5 అంటే 1176.45 మెగాహెర్ట్జ్. రెండూ ఒకే దారిన వచ్చినా వేర్వేరుగా ఆలస్యమవుతాయి కాబట్టి ఆ తేడాతో పొర చేసిన తప్పును లెక్కగట్టి తీసేస్తారు. మన దేశపు సొంత ఉపగ్రహ దారిచూపు వ్యవస్థ నావిక్ మొదట ఎల్5, ఎస్ బ్యాండ్లతో నడిచింది. 2023 మేలో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో ఎల్1 కూడా చేరింది.

అపోహ: ఆన్‌లైన్‌లో మల్టీబ్యాండ్ హ్యాండ్‌సెట్ కొంటే మాట్లాడేయొచ్చు.

కుదరదు. ప్రసారం చేయాలంటే పరీక్ష రాసి లైసెన్సు, కాల్‌సైన్ (గాల్లో మన గుర్తింపు పేరు) తెచ్చుకోవాలి. పన్నెండేళ్లు నిండిన పిల్లలు కూడా రాయొచ్చు. ఆ శిక్షణ విలువ 2004 డిసెంబరు 26న కనిపించింది. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ బృందం అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో స్టేషన్ నడుపుతోంది. సునామీకి ఫోన్లు పోయాక, అండమాన్‌లో చిక్కుకున్నవాళ్ల క్షేమసమాచారాలు వాళ్ల సెట్టు మీదుగా ఇళ్లకు చేరాయి.

అపోహ: మల్టీబ్యాండ్ చేప సంకేతాలు పంపుతుంది.

ఒక ఇంజనీరింగ్ విద్యార్థి అడిగాడు. నెట్‌లో "మల్టీబ్యాండ్" అని వెతికితే సీతాకోకచిలుక చేప ఒకటి వచ్చిందట, విద్యుత్తు పుట్టించే చేపల్లాంటిదేమో అనుకున్నాడు. కాదు, దాని బ్యాండ్లు ఒంటి మీది నిలువు చారలు. శాస్త్రీయ నామం కీటోడాన్ మల్టిసింక్టస్, అంటే నడికట్లు చాలా ఉన్నదని. లేత మీగడ రంగు ఒంటి మీద గోధుమ చుక్కలు, చారలు, కంటి మీదుగా ఒక నల్ల పట్టీ. సుమారు 12 సెంటీమీటర్ల చేప, జంటగా తిరుగుతుంది. ముఖ్యంగా బతికున్న పగడాల పాలిప్స్ తింటుంది కాబట్టి ఇంటి అక్వేరియంలో నిలవడం కష్టం. అక్కడే బతకనివ్వడం మంచిది.

దాని ఇల్లు హవాయి దీవులు, జాన్‌స్టన్ అటాల్. మా కాల్‌సైన్ల మొదటి అక్షరాల లెక్కలో హవాయి కేహెచ్6, జాన్‌స్టన్ కేహెచ్3. మనకు 12 వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న హవాయి నా లాగ్‌బుక్‌లో ఉంది, 15 మీటర్ల బ్యాండు మీద దొరికింది. మనుషుల కాపురం లేని జాన్‌స్టన్ కోసం ఇంకా వింటున్నాను.