పీడీ-ఎల్1 పంచాయితీ: అసలు మలుపు 2007లోనే

హన్మకొండ ల్యాబుల్లో ప్రాజెక్టు సినాప్సిస్‌లు రాసే రోజులొస్తే పాత పంచాయితీ మళ్లీ మొదటికొస్తుంది. చిట్టెలుకల్లో కణితి మీద టీ-కణాలను (రోగనిరోధక కణాలను) ఉసిగొల్పడానికి వాటి మీద బ్రేకులా ఉండే పీడీ-1 ప్రొటీన్‌ను ఆపాలా, ఎదుటి కణం మీద ఉండి ఆ బ్రేకు నొక్కే పీడీ-ఎల్1ను ఆపాలా? 1992లో పీడీ-1 దొరకడం, ఈ బ్రేకుల పరిశోధనకు 2018లో నోబెల్ రావడం అందరికీ తెలిసినవే. చిక్కంతా 2007లో పడింది.

ఆ ఏడాది బుట్టె, షార్ప్, ఫ్రీమన్‌ల బృందం పీడీ-ఎల్1 కణాల పొర మీది సీడీ80 అనే ఇంకో ప్రొటీన్‌కి కూడా అతుక్కుంటుందని చూపింది. ఒక కణం మీది పీడీ-ఎల్1 ఎదుటి టీ-కణం మీది సీడీ80ని పట్టి ఆ టీ-కణాన్ని అణచేస్తుందని అప్పట్లో అర్థం చేసుకున్నారు. పీడీ-ఎల్1 యాంటీబాడీ రెండు బ్రేకులూ తీస్తుంది కాబట్టి అదే మేలన్న వాదన ఇక్కడి నుంచే పుట్టింది.

అతుక్కోవడం నిజమే. అయితే అది ఎదురెదురు కణాల మధ్య కాదు, ఒకే కణం పొర మీద పక్కపక్కనే జరుగుతుందని 2018-19లో తేలింది. డెండ్రిటిక్ కణం (టీ-కణాలను మేల్కొలిపే కణం) మీద సీడీ80 పక్కనున్న పీడీ-ఎల్1ను కప్పేస్తే అది పీడీ-1కు అందదు. సీడీ80 మాత్రం టీ-కణాన్ని ఉసిగొల్పే సీడీ28కి అందుతూనే ఉంటుంది. ఈ జత కట్టకుండా జన్యువు మార్చిన చిట్టెలుకల్లో టీ-కణాల స్పందన తగ్గింది. అంటే ఈ జత టీ-కణాలకు మేలే చేస్తోంది. 2019లోనే మరో బృందం ఇంకో చిక్కు బయటపెట్టింది: పీడీ-ఎల్1 యాంటీబాడీ ఆ జతను విడదీస్తే, విడిపడ్డ సీడీ80ని టీ-కణాల మీది మరో బ్రేకు సీటీఎల్ఏ-4 లాగేసుకుంటుంది. పీడీ-1 యాంటీబాడీతో ఈ నష్టం లేదు. సీటీఎల్ఏ-4ను కూడా ఆపితే నష్టం పూడింది. రెండు బ్రేకుల వాదన ఇక నిలవదు.

ఎలుకలు మిగులుతాయని చాలామంది ప్రయోగంలోంచి తీసేసేది సరిగ్గా ఈ గ్రూపునే: పీడీ-ఎల్1, సీటీఎల్ఏ-4 రెండూ ఇచ్చేది. అది లేకపోతే మిగతా అంకెలకు అర్థం చెప్పలేం. మామూలుగా ఎలుకకు యాంటీబాడీని 200 మైక్రోగ్రాములు, మూడు రోజులకోసారి, కడుపులోకి ఇస్తారు. పీడీ-ఎల్1కు వాడే 10ఎఫ్.9జీ2 క్లోన్ (యాంటీబాడీ రకం) ర్యాట్ ఐజీజీ2బీ తరగతిది, దానికి కంట్రోల్ (అదే తరగతిదై ఎలుకలో దేన్నీ పట్టని యాంటీబాడీ) ఎల్‌టీఎఫ్-2. పీడీ-1కు వాడే ఆర్ఎంపీ1-14 ఐజీజీ2ఏ, దానికి 2ఏ3. ఒకే కంట్రోల్‌తో రెండింటినీ సరిపెట్టొద్దు.

ఫ్లో సైటోమెట్రీలో (కణాల మీది ప్రొటీన్లను వెలిగే యాంటీబాడీలతో కొలిచే పద్ధతిలో) ఇంకో ఉచ్చుంది. ఇంజెక్షన్‌గా ఇచ్చిన క్లోన్‌తోనే స్టెయిన్ చేస్తే చోటు ముందే నిండి ఉంటుంది, పీడీ-ఎల్1 మాయమైనట్టు కనిపిస్తుంది. సరే అని యాంటీ-ర్యాట్ సెకండరీ (ర్యాట్ యాంటీబాడీలను పట్టి వెలిగే యాంటీబాడీ) వేస్తే, ఎఫ్‌సీ బ్లాక్‌కు (యాంటీబాడీలు తప్పుడు చోట అతుక్కోకుండా ఆపడానికి) వాడే 2.4జీ2 కూడా ర్యాట్ ఐజీజీ2బీయే కనుక అదీ వెలుగుతుంది. సెకండరీని ముందు వేసి, కడిగి, ఆ తర్వాతే బ్లాక్ కలపాలి. సీటీఎల్ఏ-4 లాగేసుకుందో లేదో తెలియాలంటే సీడీ11సీ ఉన్న కణాల (డెండ్రిటిక్ కణాల గుర్తు అది) మీద సీడీ80ని కూడా తప్పక కొలవాలి.