గుండె నరాల మీద హిస్టమిన్ బ్రేకు: హెచ్3 రిసెప్టర్ ఎలా బయటపడింది

జలుబుకు సెట్రిజిన్, కడుపులో మంటకు ఫామోటిడిన్. రెండూ హిస్టమిన్‌ను, అంటే ఒంట్లో కణాలు వదిలే ఒక సంకేత రసాయనాన్ని, అడ్డుకునే మందులే. హిస్టమిన్‌ను అందుకునే ప్రొటీన్లను రిసెప్టర్లు అంటారు. మొదటి మందు హెచ్1 రిసెప్టర్‌ను, రెండోది హెచ్2ను మూసేస్తుంది. మందుల షాపులో ఎవరూ అడగని మూడోది హెచ్3. రక్తం అందక గుండె అల్లాడుతున్నప్పుడు దాని నరాలు గుండెను ఉరకలెత్తించే నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాన్ని ఎంత వదులుతాయన్నది కొంతవరకు ఈ మూడో రిసెప్టర్ చేతిలోనే ఉంటుంది.

హిస్టమిన్‌ను 1907లో జర్మనీలో విండాస్, ఫోగ్ట్ ల్యాబ్‌లో తయారుచేశారు. అది రక్తపోటును పడగొడుతుందని, శ్వాసనాళాలను బిగిస్తుందని 1910లో హెన్రీ డేల్, లెయిడ్‌లా చూపించారు. 1937లో బోవే, స్టౌబ్ తొలి యాంటీహిస్టమిన్‌ను కనిపెట్టారు. అయితే ఈ తరహా మందులు ఎలర్జీని తగ్గించినా, హిస్టమిన్ వల్ల ఊరే కడుపు ఆమ్లాన్ని గానీ, పెరిగే గుండె వేగాన్ని గానీ ఆపలేకపోయాయి. ఆ చిక్కుముడి 1972లో విడింది. జేమ్స్ బ్లాక్ బృందం బురిమమైడ్‌తో హెచ్2ను పట్టుకుంది. గుండెలో హెచ్2 వేగాన్నీ బలాన్నీ పెంచుతుంది. హెచ్1 పై గదుల నుంచి కింది గదులకు సంకేతం చేరడాన్ని ఆలస్యం చేస్తుంది. తీవ్రమైన ఎలర్జీలో హిస్టమిన్‌ను నిల్వ ఉంచుకునే గుండెలోని మాస్ట్ కణాలు దాన్ని ఒక్కసారిగా కుమ్మరిస్తే లయ తప్పుతుంది. అలా గుండె విషయంలో హిస్టమిన్‌కు చెడ్డపేరే స్థిరపడింది.

కథ మలుపు తిరిగింది మాత్రం మెదడులో. 1983లో పారిస్‌లో అరాంగ్, గార్బార్గ్, ష్వార్ట్జ్ ఎలుక మెదడు ముక్కలను పొటాషియంతో ప్రేరేపించి, నరాల కొసల నుంచి ఎంత హిస్టమిన్ వస్తుందో కొలిచారు. బయటి నుంచి మరికొంత హిస్టమిన్ కలిపితే ఆ విడుదల తగ్గింది. అంటే నరం తాను వదిలిన పదార్థాన్ని తానే పసిగట్టి చెయ్యి బిగబట్టుకుంటోంది. హెచ్1, హెచ్2 లెక్కలతో ఇది పొసగలేదు కాబట్టి హెచ్3 అన్నారు. 1987లో దాన్ని మాత్రమే ప్రేరేపించే ఆల్ఫా మిథైల్ హిస్టమిన్, మాత్రమే మూసే థయోపెరమైడ్ చేతికొచ్చాయి. తాళం, తాళంచెవి రెండూ దొరికాక, హిస్టమిన్‌తో పనిలేని నరాల్లోనూ ఈ రిసెప్టర్ ఉందని తేలుతూ వచ్చింది.

గుండెలో దీని పాత్రను తేల్చిన పనిలో పెద్ద వాటా న్యూయార్క్‌లోని కార్నెల్ వైద్య కళాశాలకు చెందిన రాబర్టో లెవీ బృందానిది. 1994లో వాళ్లు గినీ పంది గుండెలపై చేసిన ప్రయోగం ఎంతో తెలివైనది. మామూలుగా కొట్టుకుంటున్న గుండెలో హెచ్3ను మూసేస్తే ఏ తేడా లేదు. కాసేపు రక్తప్రసరణ ఆపి మళ్లీ వదిలాక అదే మందు ఇస్తే, నార్‌ఎపినెఫ్రిన్ మరింతగా బయటపడింది. బ్రేకు మీద అప్పటికే ఎవరిదో కాలు ఉందన్నమాట. ఆ కాలు గుండెలోనే పుట్టిన హిస్టమిన్‌ది. బయటి నుంచి ఎవరూ ఇవ్వలేదు!

ఈ బ్రేకు పనిచేసే తీరు సూటిగానే ఉంటుంది. గుండెను వేగిరపరిచే సింపథెటిక్ నరం కొసకు సంకేతం చేరగానే ఎన్-రకం కాల్షియం మార్గాలు తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికి రాగానే చిన్న సంచుల్లోని నార్‌ఎపినెఫ్రిన్ బయటికొస్తుంది. హెచ్3, కణం లోపల సంకేతాన్ని చేరవేసే జి-ప్రొటీన్ల ద్వారా ఆ కాల్షియం ప్రవేశాన్ని తగ్గిస్తుంది.

రక్తం ఎక్కువసేపు అందకపోతే కథ వేరు. శక్తి అడుగంటి, సంచులు నార్‌ఎపినెఫ్రిన్‌ను పట్టి ఉంచలేవు. అది నరం లోపలే పేరుకుంటుంది. ఆమ్లత పెరిగేకొద్దీ సోడియం-హైడ్రోజన్ మార్పిడి ప్రొటీన్ లోపలికి సోడియాన్ని లాగుతుంది. ఆ ఒత్తిడికి, మామూలుగా నార్‌ఎపినెఫ్రిన్‌ను వెనక్కి తీసుకునే వాహక ప్రొటీన్ తిరగబడి దాన్ని బయటికి తోడేస్తుంది. దీనికి కాల్షియం అక్కర్లేదు. గుండె లయ ప్రాణాంతకంగా తప్పడానికి ఈ వరదే పెద్ద కారణం. ఇక్కడ హెచ్3 ఆ మార్పిడి ప్రొటీన్‌నే అదుపు చేస్తుందని లెవీ బృందం చూపింది. ఒకే రిసెప్టర్, రెండు వేర్వేరు దారుల్లో అడ్డు. నన్ను అడిగితే ఈ మొత్తం పరిశోధనలో అసలు పట్టు ఇదే.

మనిషి గుండెలోనూ హెచ్3 పనిచేస్తోందని 1995లో శస్త్రచికిత్సల్లో తీసేసిన కర్ణిక (గుండె పై గది) కణజాలంతో రుజువైంది. 1999లో హెచ్3 జన్యువు దొరికింది. 2003లో ఆ జన్యువు లేని ఎలుకల గుండెలకు రక్తం ఆపి వదిలితే, లయ తప్పడం మామూలు ఎలుకల కంటే తీవ్రంగా కనిపించింది.

మందుల కంపెనీలు మాత్రం ఎదురు దిశలో వెళ్లాయి. మెదడులో హెచ్3ను మూస్తే హిస్టమిన్ పెరిగి మెలకువ వస్తుంది. ఆ లెక్కతోనే పగటి నిద్ర జబ్బు నార్కోలెప్సీకి పిటోలిసాంట్‌ను 2016లో యూరప్, 2019లో అమెరికా అనుమతించాయి. హైదరాబాద్‌లోని సువెన్ లైఫ్ సైన్సెస్ తయారుచేసిన సామెలిసాంట్‌దీ ఇదే బాట. గుండెకు కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం, అంటే హెచ్3ను ప్రేరేపించే మందు. అది మెదడులోకి చొరబడితే మనిషిని మత్తులో ముంచవచ్చు. పైగా, విడుదలైన నార్‌ఎపినెఫ్రిన్‌ను గుండె కండరం దగ్గరే అడ్డుకోవడానికి బీటా బ్లాకర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. చవగ్గా దొరికే పాత మందు పక్కన ఈ కొత్త దారికి పెట్టుబడి పెట్టేవాళ్లు కరువు కావడంలో వింతేమీ లేదు.