సీపీయూలు ఎన్ని అన్నది సగం ప్రశ్నే

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పనిచేసే మన తెలుగువాళ్లు కొత్త ల్యాప్‌టాప్ కొంటే, చూడవచ్చిన స్నేహితులు ముందుగా అడిగేది కోర్లు, అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు, ఎన్ని అనే. మా ఆఫీసులో అనంతపురం నుంచి వచ్చిన ఒక అమ్మాయి అంతకంటే మంచి ప్రశ్న వేసింది. "అన్నా, నా లినక్స్ ల్యాప్‌టాప్‌లో ఎనిమిది సీపీయూలు ఉన్నట్టు చూపిస్తోంది. లెక్కల ప్రోగ్రామును నాలుగు భాగాలుగా నడిపితే వేగం బాగా పెరిగింది. ఎనిమిది చేస్తే ఇంకొంచెమే పెరిగింది. మిగతా నాలుగూ ఏం చేస్తున్నట్టు?"

జవాబు ఆమె యంత్రంలోనే దొరుకుతుంది. 2003 చివర్లో వచ్చిన 2.6 వెర్షన్ నాటి నుంచి లినక్స్ కెర్నెల్ (హార్డ్‌వేర్‌ను నడిపే ప్రధాన ప్రోగ్రాము) తనకు తెలిసిన హార్డ్‌వేర్ వివరాలను 'సిస్' అనే డైరెక్టరీ కింద చిన్నచిన్న ఫైళ్లుగా చూపిస్తోంది. ఇవి డిస్కులో దాచిన ఫైళ్లు కావు. మనం తెరిచినప్పుడు కెర్నెల్ తన దగ్గరున్న సమాచారాన్ని అప్పటికప్పుడు అక్షరాల్లో పెట్టి ఇస్తుంది. ప్రతి సీపీయూకూ ఒక డైరెక్టరీ, అందులో సీపీయూల మధ్య చుట్టరికం చెప్పే 'టోపాలజీ' అని మరొకటి ఉంటాయి.

సున్నా నంబరు సీపీయూ టోపాలజీలోకి వెళ్లి 'థ్రెడ్ సిబ్లింగ్స్ లిస్ట్' ఫైలు తెరిచాం. అందులో ఉన్నది ఒకే వరుస: 0,4. అంటే సున్నా, నాలుగు నంబర్ల సీపీయూలు రెండూ నిజానికి ఒకే కోరు. ఒకే కోరును రెండు సీపీయూలుగా చూపించే హైపర్‌థ్రెడింగ్ ఫలితం ఇది, దాన్ని ఇంటెల్ 2002లో మార్కెట్లోకి తెచ్చింది. ఒకే పొయ్యి మీద ఇద్దరు వండుతున్నట్టు: ఒకరు కూరగాయలు తరిగేలోపు రెండోవారు పొయ్యి వాడుకుంటారు. అలాగే ఒక థ్రెడ్ (కోరు మీద నడిచే ఒక పనుల వరుస) మెమరీ నుంచి డేటా కోసం ఎదురుచూస్తుంటే రెండోది కోరులోని గణన భాగాలను వాడుకుంటుంది. ఇద్దరికీ పొయ్యి ఒకేసారి కావలసివస్తే లాభం తగ్గిపోతుంది. ఆమె ప్రోగ్రాములో జరిగింది అదే.

ఆ పక్కనే 'థ్రెడ్ సిబ్లింగ్స్' అనే ఇంకో ఫైలులో 11 అని ఉంది. చూసి పదకొండు అనుకోకూడదు. అది హెక్సాడెసిమల్ సంఖ్య, అంటే పదహారు ఆధారంగా రాసినది. బిట్లుగా విప్పితే సున్నా స్థానంలో ఒకటి, నాలుగో స్థానంలో ఒకటి. విషయం ఒక్కటే, ఒక ఫైలు ప్రోగ్రాములకు, మరొకటి మనుషులకు అనువుగా ఉంటుంది. యంత్రం సంగతులను సామాన్య వాడకందారు కూడా చదివేలా ఇలా బయటపెట్టడం నాకు ఎంతో ఇష్టం.

నంబర్లను చూసి చుట్టరికం ఊహించుకోవడం మాత్రం ప్రమాదం. ఈ ల్యాప్‌టాప్‌లో 0, 4 జంట. ఇంకో యంత్రంలో 0, 1 జంట కావచ్చు. కోర్లకిచ్చే గుర్తింపు సంఖ్యలు కూడా వరుసగా ఉండాలన్న నియమం లేదు, మధ్యలో కొన్ని లేకపోవచ్చు.

ఇక్కడితో ఆగదు. కాష్ అంటే ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న, వేగమైన మెమరీ. పక్కనున్న 'కాష్' డైరెక్టరీ ఏ కాష్ ఎంత పెద్దదో, దాన్ని ఏయే సీపీయూలు పంచుకుంటాయో చెబుతుంది. రెండు ప్రాసెసర్లున్న పెద్ద సర్వర్లలో 'నోడ్' డైరెక్టరీ కింద 'డిస్టెన్స్' ఫైలు ఉంటుంది. తన దగ్గరి మెమరీకి 10, అవతలి ప్రాసెసర్ దగ్గరి మెమరీకి 21 వంటి అంకెలు కనిపిస్తాయి. అవి నానోసెకన్లు కావు, పోల్చి చూసుకోవడానికి ఇచ్చిన కొలతలు. ఇదే బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థలో 2022లో నెలకొల్పిన పరమ్ ప్రవేగ లాంటి సూపర్‌కంప్యూటర్ల మీద పనిచేసేవారికి ఇది నిత్యావసరం. డేటా ఒక ప్రాసెసర్ దగ్గర, లెక్క ఇంకో ప్రాసెసర్ మీద పడితే యంత్రం ఎంత గొప్పదైనా సమయం దారిలోనే ఖర్చవుతుంది.

ఈ చుట్టరికం భద్రతకు కూడా సంబంధించినదని 2018లో బయటపడ్డ ఎల్1టీఎఫ్ లోపం తేల్చింది. ఒకే కోరులోని రెండు థ్రెడ్లు పంచుకునే మొదటి స్థాయి కాష్ ద్వారా ఒకరి రహస్యం ఇంకొకరికి చిక్కే వీలుంది. ఆ తర్వాత కెర్నెల్‌లో 'ఎస్ఎమ్‌టీ' (ఒకే కోరు మీద ఒకటికి మించి థ్రెడ్లు నడిపే ఏర్పాటుకు సాధారణ పేరు) డైరెక్టరీ కింద 'కంట్రోల్' ఫైలు చేరింది. నిర్వాహకుడు అందులో 'ఆఫ్' అని రాస్తే జంటలో ఒక థ్రెడ్ మాత్రమే పనిచేస్తుంది.

మరి ఇవన్నీ కెర్నెల్‌కు ఎవరు చెప్పారు? ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లను 'సీపీయూఐడీ' అనే సూచనతో అడిగి తెలుసుకుంటుంది. ఆర్మ్ బోర్డుల్లో ఎక్కువగా 'డివైస్ ట్రీ' అనే వివరణ పట్టిక నుంచి చదువుకుంటుంది. కాబట్టి వర్చువల్ మెషీన్ (సాఫ్ట్‌వేర్ సృష్టించిన నకిలీ యంత్రం) లోపల నడిచే కెర్నెల్‌కు అబద్ధం చెప్పవచ్చు. అడుగున నిజంగా ఒకే కోరు పంచుకునే రెండు సీపీయూలను వేర్వేరు కోర్లుగా, వర్చువల్ మెషీన్‌ను నడిపే హైపర్‌వైజర్ చూపిస్తే, కెర్నెల్ నమ్మి మనకూ అలాగే చెబుతుంది. క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న సర్వర్ మీద వేగం కొలిచేవారు ఈ సంగతి ముందే గుర్తుపెట్టుకోవాలి.

కంటైనర్లలో, అంటే ఒకే కెర్నెల్‌ను పంచుకుంటూ విడివిడిగా నడిచే ప్రోగ్రాముల గదుల్లో, చిక్కు వేరు. అక్కడ సీపీయూల వివరాలిచ్చే 'సీపీయూఇన్ఫో' ఫైలు సాధారణంగా మొత్తం యంత్రంలోని సీపీయూలన్నిటినీ చూపిస్తుంది. మన కోటా రెండు సీపీయూలంతే అయినా అరవై నాలుగు ఉన్నాయనుకుని ప్రోగ్రాము అన్నే థ్రెడ్లు మొదలుపెడుతుంది. 2018లో వచ్చిన జావా 10 నుంచి జావా ఆ కోటాను చూసుకుని నడుచుకుంటోంది. మీరు వాడే భాష ఆ పని చేయకపోతే కెర్నెల్ కోటాలు పెట్టే 'సీగ్రూప్' కింద 'సీపీయూ మ్యాక్స్' ఫైలును మీరే చదివి థ్రెడ్ల సంఖ్య నిర్ణయించండి.