జోడెద్దుల బండి మీద సముద్రానికి

బరంపురంలో ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదువుతున్న ఒక అమ్మాయి పోయిన ఫిబ్రవరిలో మా ఇంటికి వచ్చింది. ఒకప్పుడు నా దగ్గర ఎనిమిదో తరగతి చదువుకుంది. "మాస్టారూ, ప్రాజెక్టుకి మనిషికీ వన్యప్రాణికీ సంఘర్షణ అనే అంశం ఇచ్చారు. ఏనుగులు ఒకరు తీసుకున్నారు, ఎలుగుబంట్లు ఇంకొకరు తీసుకున్నారు, పాములు కూడా అయిపోయాయి. నాకేమీ మిగల్లేదు" అంది. ఆమె తాతగారిది ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోని జాలరి పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. ఒడిశాలోని మా గంజాం జిల్లా పిల్లల సంగతి ఇంతే.

"మీ తాత ఇంటి ముందు వీధిదీపం ఉందా?" అని అడిగాను. ఉందంది. "అయితే నీ ప్రాజెక్టు దాని కిందే ఉంది" అన్నాను. ముసలాయనకు మతి తప్పిందేమో అన్నట్టు చూసింది. ఆ చూపుకు జవాబే, దీపాల వైపు దారితప్పే తాబేలు పిల్లల గురించిన ఈ వ్యాసం.

ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్ల గురించి పేపర్లలో ఏటా వస్తుంది కనుక మొదటి పాఠం త్వరగా దాటేస్తాను. ఋషికుల్య ముఖద్వారం పక్కన ఇవి లక్షల లెక్కన ఒక్కుమ్మడిగా ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. ఆ సంగతిని 1994లో శాస్త్ర ప్రపంచానికి చెప్పింది భారత వన్యప్రాణి సంస్థకు చెందిన బివాష్ పాండవ్ అనే యువ పరిశోధకుడు. 2025 ఫిబ్రవరిలో ఈ ఒక్క తీరానికే దాదాపు 7 లక్షల తాబేళ్లు వచ్చాయి. ఒక్కొక్కటి ఇసుకలో గుంట తవ్వి సుమారు 100 గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. 45 నుంచి 55 రోజులకు పిల్లలు పైకి వస్తాయి. మరపడవల వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చే పెద్ద తాబేళ్ల గొడవ వేరే ఉంది: నవంబరు 1 నుంచి మే 31 దాకా నదీముఖాల దగ్గర వేట నిషేధం, దాని మీద జాలరుల కోపం, వలకు తాబేలు తప్పించుకునే కిటికీ పెట్టాలనే నియమం. దాని గురించి చాలామంది చాలా రాశారు. నన్ను పట్టుకుని వదలనిది పిల్ల తాబేలు.

నాలుగు సెంటీమీటర్ల ప్రాణి. తల్లిని చూడలేదు, సముద్రాన్ని చూడలేదు. ఇసుక చల్లబడిందంటే రాత్రయిందని తెలుసుకుని, తోబుట్టువులతో కలిసి తన్నుకుంటూ పైకి వస్తుంది. వచ్చిన కొద్దిసేపటికే సముద్రం వైపు నడక మొదలుపెడుతుంది. ఎవరు చెప్పారు? అలల హోరు వినిపించిందని కొందరంటారు, ఇసుక పల్లంగా ఉంటుంది కదా అని కొందరంటారు, దేవుడు దారి చూపుతాడని మా పక్కింటాయన అంటాడు. ఈ ప్రశ్నను గంతలు కట్టి తేల్చారు.

1960లు, 70లలో టొరంటో విశ్వవిద్యాలయపు నికొలస్ మ్రోసోవ్‌స్కీ, మరికొందరు సముద్రపు తాబేళ్ల కళ్లకు గంతలు కట్టి చూశారు. రెండు కళ్లూ మూస్తే దిక్కు తెలియలేదు. హోరూ పల్లమూ అక్కడే ఉన్నాయి, అయినా తెలియలేదు. ఒక్క కన్నే మూస్తే తాబేలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది, అదీ తెరిచి ఉన్న కంటి వైపుకు. గానుగెద్దులా.

ఈ గానుగ తిరుగుడులోనే మొత్తం యంత్రం బయటపడుతుంది. తోలేవాడు లేని జోడెద్దుల బండిని ఊహించండి. తాబేలు ఎడమ కంటికి వెలుగు తగిలినప్పుడల్లా కుడి పక్క ఎద్దుకు చెర్నాకోల దెబ్బ పడుతుంది. కుడి కంటికి తగిలితే ఎడమ ఎద్దుకు. కుడి ఎద్దు వేగంగా లాగితే బండి ఎడమకు తిరుగుతుంది, అంటే వెలుగున్న వైపుకే. తిరిగి తిరిగి రెండు కళ్లకూ వెలుగు సమానమైన క్షణాన రెండు ఎద్దులకూ సమానంగా దెబ్బలు పడి బండి తిన్నగా పోతుంది. పటం అక్కర్లేదు, గమ్యం తెలియనక్కర్లేదు, ఆలోచన అసలే అక్కర్లేదు. ఒక కంటికి గంత కట్టారంటే ఒక ఎద్దు పడుకున్నట్టే. ఇక బండి సున్నాలు చుట్టక ఏం చేస్తుంది? నరాలు నిజంగా ఇలా అడ్డంగా కట్టి ఉన్నాయని నేననడం లేదు. నడక మాత్రం అలా కట్టినట్టే ఉంటుంది.

వెలుగు సముద్రం వైపే ఎందుకుంటుంది? దీపాలు లేని తీరంలో చీకటి రాత్రి నిలబడి చూడండి. కళ్లు అలవాటు పడ్డాక నీళ్ల మీది ఆకాశం పలుచగా మెరుస్తుంది. చుక్కల వెలుగును నీరు తిప్పికొడుతుంది. వెనక ఇసుక దిబ్బలు, మొగలి పొదలు నల్లటి గోడలా ఉంటాయి. కోట్ల ఏళ్లుగా ఈ తేడా ఒక్క రాత్రి కూడా అబద్ధం ఆడలేదు.

మరి చంద్రుడో? పడమట దిగుతున్న చంద్రుడి వెంటపడి తాబేళ్లు ఊళ్లోకి రావాలి కదా అని ఆ అమ్మాయి వెంటనే అడిగింది. నా బండికి అందుకే ఒక గూడు కట్టాను. గూడుబండిలో కూర్చున్నవాడికి ముందున్న దారి, అటూ ఇటూ పొలాలు కనిపిస్తాయి కాని నడినెత్తి చంద్రుడు కనిపించడు. పిల్ల తాబేలు వెలుగును కొలిచే కిటికీ అలాంటిదే. అడ్డంగా చాలా వెడల్పు, దాదాపు 180 డిగ్రీలు. నిలువుగా చాలా ఇరుకు; నేల అంచు నుంచి ఏ 30 డిగ్రీల ఎత్తు దాకానో. ఆ వెడల్పు అంతటా ఉన్న వెలుగును కలిపి తూకం వేస్తుంది. చంద్రుడు దిగి వచ్చినా ఆకాశంలో ఒక చుక్కంత చోటే. తూకంలో అంత బరువు రాదు.

వీధిదీపం మాత్రం కొంప ముంచుతుంది. అది సరిగ్గా కిటికీ ఎత్తులోనే వెలుగుతుంది, పైగా పక్కనే ఉంటుంది. అది ఏ వైపుంటే ఆ పక్క కంటికి వెలుగు విపరీతంగా తగిలి, అవతలి ఎద్దు ప్రాణభయంతో లాగుతుంది. బండి దీపానికి ఎదురుగా నిలిచేదాకా తిరిగి, అక్కడ రెండు కళ్లూ సమానం కాగానే తిన్నగా పోతుంది, దీపం దగ్గరికి. పురుగు దీపానికి మోజుపడినట్టు తాబేలు మోజుపడిందనుకుంటే తప్పు. దాని యంత్రం చెడిపోలేదు. చక్కగా పనిచేసింది కనుకనే రోడ్డు మీదికి వచ్చింది. పౌర్ణమి రాత్రుల్లో ఇలా దారితప్పేవి తగ్గుతాయి. ఆకాశమంతా వెలుగుతున్నప్పుడు రెండు ఎద్దులకూ దెబ్బలు గట్టిగానే పడుతుంటాయి, దీపం వేసే అదనపు దెబ్బ వాటికి లెక్కలోకి రాదు.

"తాబేలు చొచ్చిన ఇల్లూ, అమీనా చొచ్చిన ఇల్లూ ఒకటే" అని మా పెద్దలు అనేవారు. జప్తుకు వచ్చే కోర్టు అమీనాకు వారెంటు ఉంటుంది. తాబేలు పిల్ల ఇంట్లోకి వస్తే అరిష్టం ఎవరిదో చూడండి: తెల్లారేసరికి ఎండకు ఎండి, కుక్కకో కాకికో దొరికేది అదే. పిలిచింది మన గుమ్మం మీది బల్బు. శ్రీకూర్మంలో దండం పెట్టి వచ్చి ఇంట్లో శాంతి చేయించేవాళ్లకు ఈ సంగతి చెబితే నవ్వుతారు. శాంతి డబ్బుతో బల్బుకు ఒక రేకు టోపీ వస్తుందని చెబితే నవ్వడం మానేస్తారు.

ఇక్కడ కొంచెం గట్టి లెక్క. ఆ అమ్మాయి స్నేహితుడు ఫోనులో లక్స్ మీటరు పెట్టుకుని వెలుగు కొలుద్దామన్నాడట. వద్దన్నాను. లక్స్ అనేది మనిషి కంటి లెక్క. పగటి చూపుకు బాగా తోచే 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న ఆకుపచ్చ వెలుగును నూరు మార్కులుగా తీసుకుని, మిగతా రంగులకు తగ్గించి వేస్తుంది. 450 నానోమీటర్ల నీలానికి అది వేసే మార్కులు 4 కూడా లేవు. తాబేలు పిల్లకు అతినీలలోహితపు అంచు నుంచి ఆకుపచ్చ దాకా బాగా కనిపిస్తుంది, ఎరుపే సరిగా ఆనదు. తెల్ల ఎల్‌ఈడీ దీపంలో పెద్ద శిఖరం సరిగ్గా ఆ 450 దగ్గరే ఉంటుంది. అంటే పాత సోడియం పసుపు దీపం తీసి, కరెంటు ఆదా అని తెల్ల ఎల్‌ఈడీ పెడితే, మీటరులో రెండూ సమానంగా చూపించినా తాబేలు ఎద్దుకు దెబ్బలు పెరుగుతాయి. నూటికి 4 మార్కులు వేసే పంతులు చేతికి నీలం రంగు జవాబుపత్రం ఇచ్చినట్టు.

ఋషికుల్య తీరంలోనే ఈ పరీక్షలు జరిగి 2009లో అచ్చయ్యాయి. పిల్ల తాబేళ్లు ఎక్కువ తీవ్రత వైపు, తక్కువ తరంగదైర్ఘ్యం వైపు, అంటే నీలం వైపు, మొగ్గాయి. ఆటుపోట్ల గీతకు 50 మీటర్ల దూరంలో సరుగుడు తోట ఉన్నచోట దీపాల మాయ తగ్గవచ్చని కూడా తేలింది. చెట్ల నల్లటి వరస పాతకాలపు ఇసుక దిబ్బ పాత్ర వేసింది. అలాగని సరుగుడును అలల అంచు దాకా నాటితే గుడ్లు పెట్టే ఇసుకే మిగలదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు కూలిన చెట్లను తలచుకుంటే, గాలికి అడ్డుతో పాటు వెలుగుకు అడ్డు కూడా పోయిందని నాకనిపిస్తుంది.

ఇంతవరకూ తాబేలు పక్షం. ఆమె తాతగారి పక్షం కూడా వినాలి. మేమిద్దరం వెళ్లి అడిగితే ఆయన వల బాగుచేసుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు: "మాస్టారూ, నేను తెల్లవారుజామున మూడింటికి పడవ తోస్తాను. ఇసుకలో కట్లపాము ఉంటుంది. ఆడవాళ్లు చేపల తట్టలతో బస్సుకు పోతారు. ఏడు నెలలు వేట మీద ఆంక్షలు భరించాం. ఇప్పుడు దీపం కూడా ఆర్పమంటారా?" నా దగ్గర జవాబు లేక కాదు, సిగ్గేసి ఊరుకున్నాను. ఊరి దీపం కంటికి కనిపిస్తుంది కనుక దాన్ని తప్పుపడతాం. రాత్రంతా ఆకాశాన్ని తెల్లబరిచే పెద్ద పెద్ద ఆవరణల దీపాల జోలికి పోము. పైగా ఏటా పిల్లలు పుట్టే రోజుల్లో బకెట్లతో వాటిని ఏరి నీళ్లలో వదిలేది ఈ పల్లెల కుర్రవాళ్లే. కోరవలసింది చీకటి కాదు. దీపం స్తంభం పొట్టిగా ఉండాలి, టోపీ ఉండాలి, వెలుగు నేల మీదే పడాలి, ఆ కొన్ని వారాలు పసుపు రంగు బల్బు ఉండాలి. కట్లపామును చూడటానికి ఆ వెలుగు చాలు. ఇది విని తాతగారు "బల్బు ఎవరు కొంటారు?" అన్నాడు. సంఘర్షణ అనే పెద్ద మాటకు అసలు అర్థం నాకు ఆ ప్రశ్నలో దొరికింది.

ఇక ప్రాజెక్టు. తాబేలును ముట్టుకోకూడదు, వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, అనుమతి లేకుండా పట్టుకుంటే కేసు. కాని దాని జాడను కొలవచ్చు, స్థానిక అటవీ సిబ్బందికి ముందే చెప్పి. తెల్లవారకముందే, గాలి లేవకముందే వెళ్లాలి. గుంపుగా గుడ్లు పెట్టిన చోట జాడల మీద జాడలు పడి ముగ్గు చెరిపినట్టుంటుంది కనుక అంచుల్లో ఒంటరిగా ఉన్న గుంటలు చూసుకోవాలి. ఒక దిక్సూచి, ఒక టేపు. గుంట నుంచి 5 మీటర్ల దూరంలో ప్రతి జాడా ఏ కోణంలో ఉందో రాసుకోవాలి. విసనకర్రలా విచ్చుకున్న ఆ జాడల మొత్తం వెడల్పు ఎంత, మధ్య గీత సముద్రం దిక్కు నుంచి ఎంత ఒరిగింది, అంతే.

ఆ అమ్మాయి మొదటి తప్పు నేను ఊహించిందే. సముద్రం దిక్కును సున్నా అనుకుందాం. ఒక జాడ 350 డిగ్రీలు, ఇంకొకటి 10 డిగ్రీలు. రెండూ చక్కగా సముద్రానికే పోయాయి. కూడి రెండుతో భాగిస్తే 180 వచ్చింది, అంటే తిన్నగా తాతగారి ఇంటికి! సగటు అంటే కూడి భాగించడమేనని నలభై ఏళ్లు బడిలో చెప్పిన పాపంలో నాకూ వాటా ఉంది. కోణాలకు సగటు అలా తీయరు. ప్రతి జాడనూ ఒక అడుగు పొడవున్న బాణం అనుకుని, ఒకదాని కొసకు ఇంకొకటి పెట్టుకుంటూ పోవాలి. చివరికి ఎక్కడికి చేరామో అదే సగటు దిక్కు. బయలుదేరిన చోటి నుంచి చేరిన చోటికి తిన్నగా ఉన్న దూరాన్ని బాణాల సంఖ్యతో భాగిస్తే వచ్చేది, సున్నాకూ ఒకటికీ మధ్య ఉండే 'ఆర్'. అన్నీ ఒకే దిక్కుకు పోతే ఒకటి, తలో దిక్కుకు పోతే సున్నా. ఆ రెండు జాడలకూ దీపం వైపు, 90 డిగ్రీలకు, పోయిన మూడోది చేర్చండి: సగటు దిక్కు 27 డిగ్రీలు, ఆర్ 0.74. ఒక్క దీపం ఎంత లాగిందో అంకెలో కనిపిస్తోంది చూశారా! 30 కోణాలుంటే ఆర్ సుమారు 0.32 దాటితే చాలు, అది గుడ్డి నడక కాదని, కోణాల లెక్కల్లో వాడే రేలీ పరీక్ష ఒప్పుకుంటుంది. ఒక మెలిక ఉంది. ఒకే గుంట నుంచి వచ్చిన 80 జాడలు 80 సాక్ష్యాలు కావు. ఒకే వీధి, ఒకే దీపం, ఒకే రాత్రి చూసిన తోబుట్టువులు. గుంటకు ఒక సగటు కోణం తీసి, 30 గుంటలు చూడాలి. 30 పేజీల ఉపోద్ఘాతం పాత రిపోర్టు నుంచి ఎత్తి రాసే అలవాటున్న చోట ఈ 30 గుంటలు ఎంతమంది చూస్తారో తెలియదు గాని, ఈ అమ్మాయి చూస్తానంది.

ఏప్రిల్ రెండో వారంలో తెల్లవారుజామున ఫోను చేసింది. మొదటి గుంటలో 41 జాడలు. చాలా వరకు సముద్రానికి, ఆరు దీపం వైపుకు. "ఒకటి మాత్రం వింతగా ఉంది మాస్టారూ, గుంట పక్కనే గుండ్రంగా రెండు చుట్లు తిరిగి తర్వాత నీళ్ల వైపు పోయింది" అంది. నేను మంచం మీద లేచి కూర్చున్నాను. ఒక కంట్లో ఇసుక పడిందేమో, రెండు చుట్లు తిరిగాక రాలిపోయిందేమో. చుట్లు ఎడమకా కుడికా అని అడిగాను. చూసుకోలేదంది. ఫొటో తీశావా అన్నాను.

అప్పటికే దాని మీదుగా తాతగారు పడవ తోసేశాడట.