ఎస్‌ఏసీడీకి వేసిన తాళం, పాత ప్లేయర్లు తెరిచిన దారి

1982లో కాంపాక్ట్ డిస్క్ వెలువడినప్పుడు దానిలోని సంగీతానికి కాపీని అడ్డుకునే ఏ తాళమూ వేయలేదు. ఇళ్లలో కంప్యూటర్లే అరుదైన ఆ రోజుల్లో దాని అవసరమూ కనిపించలేదు. 1990ల చివరికల్లా డ్రైవ్ ఉన్న ప్రతి కంప్యూటరూ సీడీని ఫైళ్లుగా మార్చగలిగే స్థితికి వచ్చింది. సోనీ, ఫిలిప్స్ కలిసి 1999లో తెచ్చిన సూపర్ ఆడియో సీడీ, అంటే ఎస్‌ఏసీడీ, సరిగ్గా ఆ వాతావరణంలోనే పుట్టింది.

సీడీ ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తుంది. ఎస్‌ఏసీడీ వాడే డీఎస్‌డీ పద్ధతిలో సెకనుకు 28,22,400 సార్లు (అంటే సుమారు 2.8 మెగాహెర్ట్జ్) ఒక్కొక్క బిట్ మాత్రమే నమోదవుతుంది. రక్షణ కూడా అంతే పకడ్బందీగా ఏర్పాటైంది. ధ్వని సమాచారాన్ని సంకేతీకరించడమే కాక, డిస్కుపై ఉండే సూక్ష్మమైన గుంటల వెడల్పులోనే ఒక గుర్తును దాచి, లైసెన్సు పొందిన ప్లేయర్లు మాత్రమే దానిని చదవగలిగేలా చేశారు. అందువల్ల కంప్యూటర్‌లోని డీవీడీ డ్రైవ్‌కు ఎస్‌ఏసీడీ సంగీతం ఉన్న పొర చిక్కదు. రెండు రకాల పొరలూ ఉండే హైబ్రిడ్ డిస్కు అయితే అందులోని మామూలు సీడీ పొర మాత్రమే కనిపిస్తుంది. 2005లో, బొమ్మనూ ధ్వనినీ ఒకే తీగలో పంపే హెచ్‌డీఎంఐ 1.2 ప్రమాణం డీఎస్‌డీకి చోటు కల్పించేదాకా, డబ్బు పెట్టి డిస్కు కొన్న శ్రోత 5.1, అంటే ఆరు చానెళ్ల సంగీతం వినాలంటే సాధారణంగా ప్లేయర్ వెనుక ఆరు అనలాగ్ తీగలు బిగించుకోవలసిందే.

దారి సోనీ సొంత యంత్రంలోనే దొరికింది. 2006 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 3 తొలి మోడళ్లు ఎస్‌ఏసీడీని వినిపించేవి. మరుసటి ఏడాది చివర్లో వచ్చిన చవక మోడల్ నుంచి ఆ సదుపాయాన్ని తొలగించారు. 2010 డిసెంబరులో జరిగిన ఒక హ్యాకర్ల సదస్సులో ఆ యంత్రపు భద్రతలోని లోపం బయటపడింది. మరుసటి నెలలోనే దాని మూల తాళంచెవి బహిరంగమైంది, సోనీ కోర్టుకు వెళ్లింది. అదే ఏడాది, మారుపేరుతో పనిచేసిన ఒక ప్రోగ్రామర్ పుణ్యమా అని, 3.55 లేదా అంతకు ముందరి ఫర్మ్‌వేర్ (యంత్రాన్ని నడిపే అంతర్గత సాఫ్ట్‌వేర్) ఉన్న పాత ప్లేస్టేషన్‌తోనే డిస్కును చదివించి, విప్పించి, ఫైలుగా రాయించే సాఫ్ట్‌వేర్ వెలువడింది. ఎస్‌ఏసీడీ తాళాన్ని ఎవరూ నేరుగా పగలగొట్టలేదన్నది ఇక్కడ గమనించవలసిన సంగతి. తాళంచెవి ఉన్న యంత్రం చేతనే తలుపు తీయించారు. తర్వాత కొన్నేళ్లకు మీడియాటెక్ చిప్‌లు వాడిన ఒప్పో, పయొనీర్ వంటి కొన్ని బ్లూరే ప్లేయర్లలోనూ ఇటువంటి సందే కనబడింది. ఒక యూఎస్‌బీ పెన్‌డ్రైవ్‌లో చిన్న స్క్రిప్టు పెట్టి ప్లేయర్‌కు గుచ్చితే, ఇంటి నెట్‌వర్క్ మీదుగా డిస్కు మొత్తం కంప్యూటర్‌లోకి వచ్చేది. ఒప్పో 2018లో ఈ వ్యాపారం నుంచే తప్పుకుంది.

ఇలా వచ్చే ఐఎస్ఓ ఫైలు, అంటే డిస్కు మొత్తపు నకలు నుంచి స్టీరియో, 5.1 ట్రాకులను విడివిడిగా తీయవచ్చు. కుదింపు లేని స్టీరియో డీఎస్‌డీ గంటకు సుమారు 2.5 జీబీ అవుతుంది. ఆ లెక్కన ఆరు చానెళ్లకు 7.6 జీబీ కావాలి, డిస్కు పొరలో పట్టేది 4.7 జీబీ. అందుకే 5.1 సంగీతాన్ని డీఎస్‌టీ అనే నష్టంలేని కుదింపుతో నింపుతారు. విప్పిన ట్రాకులను డీఎస్ఎఫ్ అనే ఫైలు రూపంలో ఉంచుకుంటే పాట పేరు, కళాకారుల వివరాలు ఫైలులోనే నిలుస్తాయి.

ఇంత శ్రమకు తగిన ఫలితం చెవికి దక్కుతుందా? 2007లో మేయర్, మోరన్ ప్రచురించిన పరీక్షల్లో, ఇటువంటి డిస్కుల ధ్వనిని సీడీ నాణ్యతకు తగ్గించి వినిపించినా శ్రోతలు తేడా పట్టలేకపోయారు. అయినా ఈ డిస్కులు చాలా వరకు బాగానే వినిపిస్తాయని, అందుకు కారణం రికార్డింగులో చూపిన శ్రద్ధేనని వారే రాశారు. రిప్ చేయదగినది, అంటే డిస్కు నుంచి ఫైలుగా తీసుకోదగినది, ఆ శ్రద్ధా, వేరెక్కడా దొరకని 5.1 మిశ్రమాలూ తప్ప, మెగాహెర్ట్జ్ అంకె కాదని నా అభిప్రాయం.

చట్టం సంగతి దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైటు చట్టం, ఉద్దేశంతో దాదాపు నిమిత్తం లేకుండా, తాళం తప్పించడాన్నే నిషేధిస్తుంది కనుక, సొంత డిస్కే కదా అన్న వాదన అక్కడి తెలుగువారికి అక్కరకు రాకపోవచ్చు. భారతదేశంలో 2012 సవరణతో కాపీరైటు చట్టంలో చేరిన 65ఏ సెక్షన్, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తప్పించిన వారికే రెండేళ్ల వరకు జైలుశిక్ష విధించవచ్చంటుంది. అదే చట్టంలోని 52వ సెక్షన్ వ్యక్తిగత వినియోగానికి న్యాయమైన మేరకు మినహాయింపునిస్తుంది.