జామీను సంతకాలు ఉంటే అప్పు భద్రమేనా? చిన్న పరపతి సంఘాల్లో అపోహలు, వాస్తవాలు

గత నెలలో బెంగళూరు కె.ఆర్. పురం నుంచి ఒక సభ్యురాలు మా పరపతి సంఘం పంపిన నోటీసు కవరును చీర కొంగులో చుట్టుకుని కార్యాలయానికి వచ్చారు. ఆమె భర్త తనతో పనిచేసే మేస్త్రీ తీసుకున్న అప్పుకు రెండేళ్ళ క్రితం జామీను సంతకం పెట్టారు. ఆ మేస్త్రీ కంతులు ఆపేసి ఊరికి వెళ్ళిపోయారు. "సంతకం ఊరికే లాంఛనమని చెప్పారు సార్, ఇప్పుడు మా ఇంటికి పోలీసులు వస్తారా?" అని అడుగుతున్నప్పుడు ఆమె చేతులు వణుకుతున్నాయి. అదే వారం పాలకవర్గ సమావేశంలో ఒక డైరెక్టరు మరో దరఖాస్తును నా ముందుకు జరిపి, "ఇద్దరు జామీనుదారులున్నారు కదా, ఇంకేం చూడాలి?" అన్నారు. బెంగళూరులోని చిన్న పరపతి సంఘాల్లో పదిహేడేళ్ళుగా అప్పుల విభాగం చూస్తున్న నాకు ఈ రెండు మాటలూ ఒకే అపోహకు రెండు కొసలుగా కనిపిస్తాయి.

అపోహ: జామీను ఉంటే అప్పు భద్రం.

వాస్తవం: జామీను సంతకం వల్ల అప్పు తీసుకున్నవారి రాబడి ఒక్క రూపాయి కూడా పెరగదు, కంతు కట్టవలసింది మాత్రం ఆ రాబడిలోంచే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం. ముందు అసలు బాకీదారు మీద చర్య తీసుకుని ఆ తరువాతే తన దగ్గరకు రావాలని జామీనుదారు పట్టుబట్టడానికి వీల్లేదని బ్యాంక్ ఆఫ్ బీహార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం ఇంత గట్టిగా ఉండడం చూసే పాలకవర్గాలు నిశ్చింతగా ఉంటాయి. అయితే చట్టం ఇచ్చేది అడిగే హక్కు మాత్రమే. అడిగిన రోజున జామీనుదారు చేతిలో డబ్బు ఉంటుందా లేదా అన్నది అప్పు ఇచ్చే ముందే మనం చూసుకోవలసిన సంగతి.

సహకార పరపతి సంఘాల చట్టం 1904లో వచ్చిన మరుసటి ఏడాదే గదగ్ ప్రాంతంలోని కణగినహాళ్‌లో సహకార పరపతి సంఘం ఏర్పడింది. అలాంటి పల్లెలో జామీనుదారు రోజూ అప్పు తీసుకున్నవారి చేను గట్టు మీదుగానే నడుస్తాడు, పంట ఎండితే అందరికన్నా ముందు ఆయనకే తెలుస్తుంది. నగరంలో అలా కాదు. బొమ్మనహళ్ళిలోని దర్జీకి హొసకోటెలోని డ్రైవరు జామీను ఉంటే, వారిద్దరూ మళ్ళీ కలుసుకునేది నోటీసు వచ్చినప్పుడే.

2019లో, నేను అప్పట్లో పనిచేసిన సంఘం బెంగళూరులోని పీణ్యా పారిశ్రామిక వాడలో లేత్ మిషన్లు నడిపే ఐదుగురికి తలా రెండు లక్షలు ఇచ్చింది. వారు ఒకరికొకరు జామీను. రిజిస్టరులో పేజీ తిప్పిన ప్రతిసారీ అవే ఐదు సంతకాలు, వరుస మాత్రమే మారుతుంది. ఆ దరఖాస్తులను సిఫారసు చేసింది నేనే. ఐదుగురూ ఒకే కంపెనీకి జాబ్ వర్కు చేస్తున్నారేమోనని నేను అడగలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి ఆ కంపెనీ ఆర్డర్లు ఆగగానే ఐదుగురి కంతులూ ఒకే నెలలో ఆగిపోయాయి. అన్ని సంతకాలు చేతిలో ఉండి కూడా అడగడానికి మనిషి లేకపోయాడు.

ఆ తరువాత చేసిన పొరపాటు ఇంకా పెద్దది. వారి కష్టం చూసి 24 కంతులను 36గా మార్చాము. ఒక్కొక్కరి చేత తన అప్పుకు సంబంధించిన కొత్త ఒప్పందం మీదే సంతకం తీసుకున్నాము తప్ప, మిగిలినవారి అప్పులకు జామీనుదారుగా ఆ మార్పుకు సమ్మతి రాయించుకోలేదు. తరువాత కుదురుకున్న ఇద్దరిని మిగతా ముగ్గురి బాకీ అడిగితే, వారి వకీలు అదే కాంట్రాక్టు చట్టంలోని 133, 135 సెక్షన్లు ముందు పెట్టారు. జామీనుదారు సమ్మతి లేకుండా షరతులు మార్చినా, గడువు ఇస్తామని బాకీదారుతో ఒప్పందం చేసుకున్నా, జామీనుదారుకు విముక్తి కలుగుతుంది. ఊరికే ఓపిక పట్టి దావా వేయకుండా ఉంటే 137వ సెక్షను ప్రకారం జామీను పోదు, బాకీదారుతో ఒప్పందం చేసుకుని గడువు పొడిగిస్తే పోతుంది. గడువు ఇవ్వడం తప్పని నేను అనను, చాలాసార్లు ఇవ్వాలి కూడా. జామీనుదారులను పిలిచి అదే రోజు సంతకం తీసుకోండి.

అప్పటి నుంచి నేను దరఖాస్తులో జామీను పేజీని ఆఖరున చూస్తున్నాను. ముందు ఇంటి లెక్క రాయిస్తాను. సూక్ష్మ రుణాల విషయంలో కుటుంబం కట్టే కంతులన్నీ కలిపి నెల రాబడిలో సగం దాటకూడదని రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నియమం బ్యాంకులకు, ఎన్‌బీఎఫ్‌సీలకు (బ్యాంకులు కాని ఫైనాన్సు సంస్థలకు) సంబంధించినది. మా సంఘానికి అది వర్తించకపోయినా దాన్నే కొలతగా వాడతాను. ఇంటి రాబడి 24,000 అయితే హద్దు 12,000. ఇప్పటికే 8,500 కడుతున్నవారికి 4,600 కంతు పెడితే 13,100 అవుతుంది, అంటే అప్పు మొత్తం తగ్గించాలి లేదా గడువు పెంచాలి. ఎత్తిన చీటీకి కట్టే డబ్బు కూడా ఈ లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే పాట పాడి డబ్బు తీసుకున్నాక అది అప్పే. జామీనుదారుకూ ఇదే లెక్క వేస్తాను, ఆయన ఇంకెవరెవరికి సంతకం పెట్టారో రిజిస్టరు తిప్పి చూస్తాను, ఇద్దరి జీతమూ ఒకే చోటు నుంచి వస్తుంటే వేరొకరిని తెమ్మంటాను.

పాత అప్పుల చెల్లింపు చరిత్రను బట్టి ఇచ్చే సిబిల్ స్కోరు బాగుంటే చాలన్నది మరో అపోహ. చేబదులు, వారం వడ్డీ, ఊళ్ళో పొలం మీద ప్రైవేటుగా తెచ్చిన బాకీ అందులో కనిపించవు. బంగారం మీద అప్పుకు నష్టం రాదన్నదీ నిజం కాదు, రాళ్ళ బరువు తీయకుండా తూచిన హారం వేలంలో ఆ సంగతి బయటపెడుతుంది. తప్పిన కంతులు తక్కువే కాబట్టి గండం లేదనుకునే కార్యదర్శులకు ఒక్క లెక్క చెబుతాను: 80,000 నిలువ ఉన్న అప్పులో 5,000 చొప్పున రెండు కంతులు తప్పితే, గండంలో ఉన్నది 10,000 కాదు, మొత్తం 80,000. మన సంఘం డిపాజిట్లకు 5 లక్షల వరకు బీమా ఉందని వాట్సాప్‌లో పంపేవారు దయచేసి ఆపండి. ఆ బీమా ఇచ్చేది రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ డీఐసీజీసీ, అది సహకార బ్యాంకులతో సహా బ్యాంకులకే ఉంటుంది, పరపతి సంఘాలకు ఉండదు. ఇక్కడ రాని బాకీ చివరకు సభ్యుల డబ్బులోంచే పోతుంది.

కె.ఆర్. పురం సభ్యురాలికి ముందు మంచినీళ్ళు ఇచ్చి లెడ్జరు తెరిచి చూపించాను. ఇది సివిల్ బాకీ అని, కట్టలేకపోయినంత మాత్రాన పోలీసులు రారని, కట్టిన మేరకు మేస్త్రీ దగ్గర రాబట్టుకునే హక్కును చట్టమే వారికి ఇస్తుందని చెప్పాను. నిలువ 38,400 ఉంది, నెలకు 1,600 చొప్పున 24 నెలలకు ఒప్పుకున్నాము. వెళ్ళే ముందు ఆమె జామీను పత్రం నకలు అడిగారు. అది కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ ఉంది, ఆమె భర్తకు చదవడం వచ్చింది తెలుగు ఒక్కటే. ఈ నెల నుంచి మా సంఘంలో ఆ పత్రాన్ని తెలుగులో చదివి వినిపించాకే సంతకం తీసుకుంటున్నాము. ఇప్పటికి ముగ్గురు చివరి దాకా విని పెన్ను బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు, వారిని ఆపలేదు.