డ్వార్ఫ్ రేంజర్ కావచ్చా? ఒక పాత తగాదా వెనుక కథ

హనుమకొండ నయీంనగర్‌లో ఒక మిత్రుడి గది. ఆదివారం మధ్యాహ్నాలు ఐదుగురం చేరి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతుంటాం. తలా ఒక పాత్ర ఎంచుకుని, పాచికలు వేస్తూ, అందరం కలిసి కథ నడిపే ఆట అది. మొన్న ఆట నడిపించేవాడు కథలోకి కొత్తవాళ్లను దించాడు: కొండలకూ అడవికీ మధ్య పొలిమేరను ఎవరి కంటా పడకుండా కాసే డ్వార్ఫ్ రేంజర్ల ముఠా. అంతే, పాచికలు పక్కకు పోయాయి. "డ్వార్ఫ్‌కు గని తెలుసు, సుత్తె తెలుసు. అడవి ఏం తెలుసురా? రూలే ఒప్పుకోదు" అని ఒకడు. "ఆ రూలు ఎప్పుడో తీసేసిన్రు" అని ఇంకొకడు. చాయ్ రెండుసార్లు వచ్చినా తగాదా తెగలేదు. విచిత్రం ఏమిటంటే ఇద్దరి మాటా నిజమే.

డ్వార్ఫ్‌ను తెలుగులో మరుగుజ్జు అనొచ్చు. కానీ పొట్టిగా పుట్టిన మనుషుల్ని ఎగతాళి చేయడానికి ఆ మాటను చాలా వాడేశాం. ఈ కథల్లో డ్వార్ఫ్ మనిషి కాదు, రాయితో లోహంతో బతికే వేరే జాతి. అందుకే డ్వార్ఫ్ అనే రాస్తున్నాను.

ఇక రేంజర్. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు ఎవరినడిగినా రేంజర్ అంటే జీపులో వచ్చే ఫారెస్టు ఆఫీసరే. టేకు దుంగలు పట్టుబడితే గుర్తొచ్చేది ఆయనే. ఆ మాట పుట్టింది ఇంగ్లండు రాజుల వేట అడవుల్లో. అక్కడ ఫారెస్ట్ అంటే చెట్లున్న చోటని కాదు, రాజు వేట చట్టం నడిచే చోటని. అందులో ఊళ్లూ పొలాలూ కూడా ఉండేవి. రైతు పొలంలో జింక మేస్తున్నా కొట్టడానికి లేదు. జనం గోల పడీ పడీ 1217లో అడవి చార్టర్ వచ్చింది. దాంతో కొంత భూమి ఆ చట్టం నుంచి బయటపడింది, జింకను చంపినందుకు ప్రాణమో కాలో చెయ్యో తీసే శిక్షలు రద్దయ్యాయి. అలా విడిపోయిన అంచు భూముల్లోకి దాటొచ్చిన జింకల్ని మళ్లీ అడవిలోకి తోలడమే రేంజర్ పని. అంటే పుట్టుకతోనే అది పొలిమేర కొలువు. తర్వాత ఇంగ్లీషువాళ్లు ఆ పేరును ఇక్కడికి తెచ్చారు. రేంజర్లకు శిక్షణ ఇవ్వడానికి 1878లో డెహ్రాడూన్‌లో ఫారెస్టు స్కూలే పెట్టారు.

డ్వార్ఫ్‌ల సంగతి ఇంకా పాతది. ఐస్‌లాండ్‌లో స్నోరి స్టుర్లుసన్ 1220 ప్రాంతంలో రాసిపెట్టిన పురాణంలో, చచ్చిన రాక్షసుడి పుర్రెను ఆకాశంగా నిలబెట్టి, నాలుగు మూలలా నలుగురు డ్వార్ఫ్‌లను ఉంచుతారు దేవతలు. వాళ్ల పేర్లకు అర్థం తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం. మన దిక్పాలకుల చోటూ దిగ్గజాల మోతా రెండూ వాళ్ల మీదే పడ్డాయనుకోండి. కాపలా అన్న మాట అక్కడ లేదు గాని, లోకం అంచున నిలబడ్డవాళ్లు మాత్రం వాళ్లే. (రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి ప్రతిష్ఠ శాసనం వేయించింది 1213లో. అక్కడ చార్టర్, ఇక్కడ గుడి, ఐస్‌లాండ్‌లో పురాణం, అన్నీ పదేళ్ల అటూ ఇటూలోనే. ఒకదానికొకటి సంబంధం లేదు, ఊరికే సరదాగా చెప్పాను.)

మరి అంచున ఉండే ఈ ఇద్దరూ ఎక్కడ విడిపోయారు? ఇంగ్లీషు రచయిత టోల్కీన్ దగ్గర. 1954-55లో వచ్చిన ఆయన పెద్ద నవల 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లో ఉత్తరాది రేంజర్లు షైర్ అనే పల్లెసీమను గుట్టుగా కాస్తుంటారు. లోపల హాయిగా బతికేవాళ్లకు ఆ సంగతే తెలియదు. పొరుగున ఉన్న బ్రీ ఊరివాళ్లయితే రేంజర్లను అనుమానంగా చూస్తారు. ఆ రేంజర్లంతా మనుషులు. డ్వార్ఫ్‌లకు కొండ కింద వేరే రాజ్యాలున్నాయి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ మేం ఆడే ఈ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను తెచ్చినప్పుడు డ్వార్ఫ్ కత్తి పట్టే యోధుడు మాత్రమే కాగలడు, అదీ ఆరో మెట్టు దాకానే. మరుసటి ఏడు జో ఫిషర్ ఒక పత్రికలో రేంజర్ పాత్రకు రూల్స్ రాశాడు, టోల్కీన్ రేంజర్ పోలికలు అందులో దాగవు. 1978లో వచ్చిన ఆట రూల్స్ పుస్తకం మనుషులకూ సగం ఎల్ఫ్‌లకూ (ఎల్ఫ్ అంటే ఈ కథల్లో ఇంకో జాతి, సగం ఎల్ఫ్ అంటే మనిషికీ ఎల్ఫ్‌కూ పుట్టినవాడు) తప్ప ఎవరికీ ఆ కొలువు ఇవ్వలేదు. 1989లో ఎల్ఫ్‌లను చేర్చుకున్నారు, డ్వార్ఫ్‌కు అప్పుడూ గేటు మూసే ఉంది. 2000లో మూడో ఎడిషన్‌తో ఏ జాతివాడైనా ఏ పనైనా చేయొచ్చన్నారు. అంటే మావాడు తరతరాల సంప్రదాయం అని వాదిస్తున్నది నిండా పాతికేళ్లు నడిచిన రూలు.

1978 పుస్తకంలోనే ఇంకో తమాషా ఉంది. గాబ్లిన్లు, ఓర్క్‌లు, ట్రోల్‌లు ఈ కథల్లో దుష్ట జాతులు. గాబ్లిన్లు, ఓర్క్‌ల మీద డ్వార్ఫ్ దెబ్బ గురి తప్పడం తక్కువ. ట్రోల్‌లకూ రాక్షసులకూ డ్వార్ఫ్ ఓ పట్టాన దొరకడు. రేంజర్ ఎక్కువ బలంగా కొట్టేది కూడా సరిగ్గా ఈ గుంపునే. ఇద్దరికీ శత్రువులు ఒకరే, కానీ కలిసి ఒకే ఒంట్లో ఉండకూడదట! వార్‌హామర్ అనే ఇంకో ఆట తయారుచేసినవాళ్లు ఈ చిక్కు పెట్టుకోలేదు. అందులో డ్వార్ఫ్ రేంజర్లు కోట బయట, కొండల మీద తిరుగుతూ దారులు కాస్తారు. వాళ్లలో పేరున్న నాయకుడు బగ్‌మన్ అసలు బీరు కాచేవాడు. గాబ్లిన్లు వచ్చి బట్టీని తగలబెడితే ఆయుధం పట్టాడు. కల్లు మండువా తగలబెడితే మా ఊళ్లో ఎంతమంది రేంజర్లు అవుతారో చెప్పలేను.

ములుగు వైపు నుంచి వచ్చే మా జట్టువాడు ఆ రోజంతా నోరు విప్పలేదు. చివరికి ఒకటే అడిగాడు: "పొలిమేర ఎవరు గీసిన్రు? లోపలున్నోళ్లను అడిగిన్రా?" వాళ్ల వైపు ఫారెస్టు కందకాలు తవ్వుతుంటే పోడు రైతులు అడ్డం పడటం చూసి పెరిగినవాడు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా హద్దు తగాదాలు ఆగలేదు. 1217లో ఇంగ్లండు రైతు అడిగిందీ అదే. ఆ ప్రశ్నతో మా ఆట మారింది. ఇప్పుడు మా ముఠా సరిహద్దుకు రెండు వైపులా కథలున్నాయి, అడవిలో గూడెం ఉంది, ఆ గూడెంవాళ్లకు రేంజర్లంటే కిట్టదు.

గుట్టు సంగతి కూడా పాత రూలే తేల్చింది. 1975లో ఇద్దరికి మించి, 1978లో ముగ్గురికి మించి రేంజర్లు ఒకచోట కలిసి పనిచేయకూడదు. అలాంటప్పుడు వాళ్లకు సభలు ఉండవు, కోట ఉండదు, తమలో ఎంతమంది ఉన్నారో వాళ్లకే తెలియదు. ఇంతకన్నా రహస్య సంఘం ఏముంటుంది? ఇది మాకు తెగ నచ్చి పెట్టేసుకున్నాం.

దాంతోపాటే ఇంకో పాత రూలూ వచ్చిపడింది. రేంజర్ తాను మోసుకుపోగలిగిన దానికి మించి సొమ్ము ఉంచుకోకూడదు, మిగిలింది దానం చేయాలి. డ్వార్ఫ్‌కు జాతి అడ్డం కాదు గాని బంగారం అడ్డమే. మాలో డ్వార్ఫ్‌గా ఆడేవాడు నాలుగు వందల నాణేలు కూడబెట్టి ఒక బావిలో దాచాడు. ముఠాలో చేరతావా అంటే, వచ్చే ఆదివారం చెప్తానన్నాడు.